జబ్బు నవ్వు

అమ్మ నవ్వినప్పుడల్లా మూతి తుడిచి, మొహం గోడవైపు తిప్పి పడుకోబెట్టడం ఆ ఇంట్లో అలవాటైపోయింది. అలా తిప్పితే నోట్లో ఊరింది గొంతులోకి జారి పొలమారదు. మొదట్లో ఆ నవ్వు చూసి అందరూ పొంగిపోయి మంచం చుట్టూ మూగారు. తర్వాత డాక్టరు అసలు సంగతి చెప్పాడు. ఆ నవ్వుకి అర్థం లేదు, ఎక్కిళ్ళు వచ్చినట్టు దానంతటదే వస్తుంది, ఏడుపూ అంతే, మనిషికి లోపల ఏమీ తెలియడం లేదు, మీరు మనసు పాడుచేసుకోకండి అన్నాడు. మంచి డాక్టరే పాపం. మనసు పాడుచేసుకోవద్దంటే ఎవరికి మాత్రం చేదు? అందరూ ఆ ఒక్క మాటా మూటగట్టుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలింది చిన్నకూతురు.

ఆమెని వీధిలో టైలరమ్మ అంటారు. రెడీమేడ్ దుకాణాలవాళ్ళు పంపించే ప్యాంట్ల కాళ్ళు మడిచి కుట్టడం, పాడైన జిప్పులు మార్చడం, అరిగిన కాలర్లు విప్పి తిరగేసి కుట్టడం ఆమె పని. అమ్మ మంచాన పడ్డాక మిషను కూడా ఆ గదిలోకే వచ్చింది. కిటికీ కింద మిషను, దాన్ని ఆనుకుని మంచం, మంచానికి కాళ్ళవైపు బల్లమీద టీవీ. మిషను నడుస్తున్నంతసేపూ టీవీ మోగాల్సిందే. చూడ్డానికేం కాదు. ఇంట్లో ఇంకో గొంతు వినబడుతుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది, అంతే.

ఆ మధ్యాహ్నం రిమోటు మొరాయించింది. రోజూ పెట్టే సీరియల్ కోసం నొక్కితే ఎక్కడికో పోయి, ముక్కూ మొహం తెలియని చానల్లో ఆగింది. ఇక ఎంత నొక్కినా కదల్లేదు. ఒళ్ళో ప్యాంటు, పెదాల మధ్య గుండుసూదులు, చేతిలో బ్లేడు. పోనీ ఏదో ఒకటి మోగనీ అని వదిలేసి పాత జిప్పు కుట్లు కోయసాగింది. ఎక్కడో తీసిన నాటకానికి మన మాటలు అతికించారు. నోరు ఒకటి అంటుంటే గొంతు ఇంకోటి అంటోంది. పేరు ‘పెద్దాయన ఇంకా ఉన్నారు’ అట.

ఆ ఇంటి పెద్దాయన పోవడానికి సిద్ధంగా ఉంటాడు. డాక్టరు పెదవి విరుస్తాడు. కొడుకులూ కూతుళ్ళూ ఎక్కడెక్కడినుంచో ఊడిపడతారు. పూలు వస్తాయి, కుర్చీలు వస్తాయి, పెద్దకోడలు గొంతు సవరించుకుని ఏడుపు అందుకుంటుంది. సరిగ్గా అప్పుడు పెద్దాయన కళ్ళు తెరిచి కాఫీ అడుగుతాడు. వచ్చినవాళ్ళంతా మొహమొహాలు చూసుకుని మళ్ళీ పెట్టెలు సర్దుకుంటారు. చావుతో ఈ వేళాకోళమేమిటి, వీళ్ళకి ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని టైలరమ్మకి ఒళ్ళు మండింది. కానీ బ్లేడు మాత్రం ఆగింది.

కుర్చీలు అద్దెకిచ్చేవాడు గుమ్మంలో నిలబడి తల గోక్కుంటున్నాడు. ఈ నెలలో ఇప్పటికే చాలాసార్లు కుర్చీలు తెచ్చి, అద్దె రాక వెనక్కి మోసుకెళ్ళాడు. ఇవి ఎత్తుకెళ్ళమంటారా, ఉంచమంటారా అని పెద్దకొడుకుని గుసగుసగా అడిగాడు. లోపలి గదిలోంచి, కళ్ళు కూడా తెరవకుండా, పెద్దాయన గొంతు వచ్చింది: “ఉంచెయ్యవయ్యా. ఎల్లుండి మళ్ళీ మోసుకురావడం నీకు మాత్రం శ్రమ కాదూ?”

మంచం మీద అమ్మ నవ్వింది.

టైలరమ్మ సూదులు పెట్టెలో వేసి లేచింది. మూతి తుడిచింది. భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి గోడవైపు ఒత్తిగిలబెట్టి, వీపు వెనక దిండు ఆనించింది. వచ్చి కూచుని రెండు కుట్లు కోసిందో లేదో గోడవైపునుంచి మళ్ళీ నవ్వు. ఇవాళ జబ్బు ముదిరినట్టుందని విసుక్కుని ఇంకోసారి లేచింది. అంతకుమించి ఆ రోజు ఆమెకేమీ తట్టలేదు. తట్టడానికి తీరికేది?

మర్నాడు రిమోటు బాగుచేయించవచ్చు. చేయించలేదు. నాటకం మొదలయ్యే వేళకి ముక్కుగొట్టంలో పాలు పోయడం ముగించి, గొట్టం కడిగి, మూత బిగించి సిద్ధంగా కూచుంది. ఇదేం పాడుబుద్ధి అని తననే తిట్టుకుంది కూడా. అమ్మ ఆ వేళకి టీవీవైపే ఒత్తిగిలి ఉంది.

పెద్దాయన ఆ రోజు కాస్త లేచి తిరుగుతున్నాడు. చెప్పులు వెతుక్కుంటూ బీరువా వెనక చెయ్యి పెట్టాడు. చేతికి చెక్క చట్రం తగిలింది. గదిలో కొడుకులిద్దరూ కోడళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టారు. అందరికీ తెలుసు, అది ముందుచూపుతో పెద్దది చేయించి దాచిపెట్టిన ఆయన ఫొటో. ఆయన దాన్ని నెమ్మదిగా బయటికి లాగుతున్నాడు. ఇంకా ఎవరూ నోరు విప్పలేదు, నవ్వు తెప్పించే మాట ఒక్కటీ రాలేదు. అప్పుడే అమ్మ గొంతులో గురగుర మొదలైంది. ఆయన ఫొటో తిప్పి, దుమ్ము ఊది, చాలాసేపు చూసి, “చొక్కా ఇస్త్రీ లేదురా. ఇంకోటి తీయించండి. ఈసారి నవ్వుతాను,” అనేసరికి ఆ గురగుర పెద్ద నవ్వయింది. టైలరమ్మకీ నవ్వాగలేదు. మిషను మీద తల ఆనించి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నవ్వుతూ నవ్వుతూనే పక్కకి తిరిగి, ఇద్దరు మనుషులు ఒకే మాటకి నవ్వినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టు, అమ్మ మొహం చూసింది.

టైలరమ్మ నవ్వు అక్కడే ఆగిపోయింది.

నవ్వు మాటకంటే ముందు వచ్చింది. చట్రం కనబడగానే వచ్చింది. ఏం జరగబోతోందో తెలిసినవాళ్ళకి వచ్చే నవ్వది.

కాకతాళీయమేమో అనుకుంది. మర్నాడు పొద్దున ఆ భాగమే మళ్ళీ వేశారు. టైలరమ్మ మిషను ముట్టుకోలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని, టీవీకి వీపు పెట్టి అమ్మనే చూస్తూ కూచుంది. వెనకనుంచి చెప్పులు వెతకడం, చట్రం ఈడ్చడం, ఇస్త్రీ లేని చొక్కా అన్నీ వినబడ్డాయి. అమ్మ నవ్వలేదు. ముక్కులోంచి చిన్నగా గాలి వదిలిందంతే. ఎక్కిళ్ళయితే మళ్ళీ రావాలి కదా. ఒకసారి విన్న పరాచికానికి ఎవరైనా రెండోసారి అంతలా నవ్వుతారా? మధ్యాహ్నం కొత్త భాగంలో పెద్దాయన తన చావుకని పూలు తెచ్చినవాడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి ఆ పూలే చేతిలో పెట్టినప్పుడు మాత్రం దుప్పటి కదిలేలా నవ్వింది. ఆ పూట టైలరమ్మ మూతి తుడిచింది గానీ గోడవైపు తిప్పలేదు. తుడిచిన గుడ్డ చేతిలో పట్టుకుని, “అమ్మా, నువ్వు ఉన్నావా,” అంది. ఆనందం పట్టలేకపోయింది. అమ్మ చెంపలు నిమిరింది, జుట్టు సర్దింది. ఎవరికి చెప్పాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చింది.

ఆ ఆనందం దుప్పటి మార్చేదాకా నిలిచింది.

మనిషి మంచం మీదుండగానే దుప్పటి మార్చడం ఒక పనితనం. మనిషిని ఒక పక్కకి ఒత్తిగిలబెట్టి, పాత దుప్పటి సగం చుట్టి వీపు కిందకి తోసి, కొత్తది పరిచి, ఆ చుట్ట మీదుగా మనిషిని ఇటు దొర్లించి, అటునుంచి పాతది లాగెయ్యాలి. ముడత ఒక్కటి మిగిలినా తెల్లారేసరికి చర్మం కందిపోయి పుండవుతుంది. టైలరమ్మ చేతులకి ఇది కళ్ళు మూసుకుని చేసే పని. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోదు కదా. ఇన్నాళ్ళూ ఆ వేళ నోటికేదొస్తే అది అనేది. ఇవాళ చుట్ట తోస్తుండగా, మొన్న ఇక్కడే, ఇలాగే ఒంగి తను అన్న మాట చెవిలో మళ్ళీ మోగింది. కోపంగా కూడా కాదు. మిషనుకి నూనె అయిపోయిందన్నట్టు మామూలుగా అంది: “నువ్వూ పోవు, నన్నూ బతకనివ్వవు.”

ఆ ఒక్క మాటేనా? అక్క ఫోను చేసినప్పుడు ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, గొట్టంలో పాలు పోస్తూనే అంది, మంచాన పడ్డవాళ్ళని ఉంచుకునే ఆ హోమ్‌లో మంచం ఖాళీ అయిందంటే నాకేం అభ్యంతరం లేదు, ఎంత తొందరగా తీసుకెళితే అంత మంచిది అని. అన్నయ్య వచ్చే వారం తప్పకుండా వస్తానని ఫోన్లో పెద్దగా చెప్పిన ప్రతిసారీ అమ్మకి ఆ నవ్వు వచ్చేది. అక్క ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే “అమ్మ మొహంలో కళ వచ్చిందే” అన్నప్పుడూ వచ్చింది. పొలమారుతుందని పరుగెత్తుకెళ్ళి గోడవైపు తిప్పింది తనే. ఒక మనిషికి మిగిలిన ఒక్క మాటనీ తుడిచి, తుడిచి, గోడకి తిప్పింది.

టైలరమ్మ దుప్పటి సగంలో వదిలేసి అమ్మ మొహం దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది.

“అన్నీ విన్నావా అమ్మా?”

అమ్మ చూపు ఎటో ఉంది.

విన్నావంటే ఒక్కసారి కళ్ళు మూసి తెరవమంది. కనురెప్పలు వాటిష్టం వచ్చినట్టు ఆడాయి. వేలు కదపమంది. వేలు కదల్లేదు. డాక్టరు చేసిన పరీక్షలే అవన్నీ, అప్పుడూ ఇంతే. పోనీ నవ్వమంది. బతిమాలింది, ఏడ్చింది. నవ్వమంటే నవ్వు ఎవరికి వస్తుంది? ఒళ్ళు బాగున్నవాళ్ళకే రాదు. చివరికి లేచి కళ్ళు తుడుచుకుని మిగతా సగం దుప్పటి లాగింది. ముడత లేకుండా చేత్తో రెండుసార్లు రాసింది.

అన్నయ్యకి ఫోను చేసి చెప్పింది. ఆయన చెడ్డవాడు కాడు, విన్నాడు. ఎటూ ఆదివారం అక్కా నేనూ వస్తున్నాం కదా, హోమ్ సంగతి తేల్చుకోవాలి కదా, అప్పుడు చూద్దామన్నాడు. ఆ హోమ్ వాళ్ళు లోపల ఏమీ తెలియనివాళ్ళనే తీసుకుంటారు. అమ్మకి తెలుస్తోందని తేలితే ప్రయాణం ఆగిపోతుంది. ఆగాలనే కదా టైలరమ్మ ఫోను చేసింది. ఫోను పెట్టాక మాత్రం నడుం పట్టుకుని నిలబడి, ఆగితే ఇక ఎప్పటికీ ఆగినట్టే, ఈ చాకిరీ తనదే కదా అని కూడా అనుకుంది. ఆ ఆలోచనకి సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన ఆలోచన పోలేదు.

ఆదివారం వారంలో వేసిన భాగాలన్నీ వరసపెట్టి వేసి, చివర ఒక కొత్తది వేస్తారు. టైలరమ్మ అమ్మకి తల దువ్వి, శుభ్రమైన గౌను తొడిగి, వెనక రెండు దిళ్ళు పెట్టి కూచోబెట్టినట్టు ఆనించింది. అక్క ఒక సంచీడు యాపిల్స్ తెచ్చింది. ముక్కుగొట్టంతో పాలు తాగే మనిషికి యాపిల్స్ ఎందుకో ఎవరూ అడగలేదు. అన్నయ్య ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మంచానికి కాస్త ఎడంగా కూచున్నాడు. కొత్త భాగం మొదలయ్యేసరికి టైలరమ్మ స్టూలు అమ్మ మొహానికి దగ్గరగా జరుపుకుంది.

పెద్దాయన కొడుకులిద్దరూ ఆ రోజు అద్దం ముందు నిలబడి, ఆయన పోయాక నలుగురి ముందూ ఏం మాట్లాడాలో సాధన చేస్తున్నారు. పెద్దవాడు “మా నాన్న ఒక మహావృక్షం” అంటాడు. అది నా వాక్యం, నువ్వు కాజేశావని చిన్నవాడు తగువుకి దిగుతాడు. గుమ్మం పక్కనుంచి పెద్దాయన తల పెట్టి, ఇద్దరూ చెరో కొమ్మా పంచుకోండి అంటాడు. అన్నయ్యకి నవ్వొచ్చి దగ్గులోకి మార్చుకున్నాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుంది. టైలరమ్మ అమ్మనే చూస్తోంది. అమ్మ మొహం రాయిలా ఉంది.

ఇప్పుడు నవ్వుతుంది, ఇదిగో ఇప్పుడు, ఈ మాటకి నవ్వకుండా ఉండలేదు అనుకుంటూనే నాటకం అయిపోయింది. అమ్మ నవ్వలేదు. గాలి కూడా వదల్లేదు.

అన్నయ్య లేచి టీవీ కట్టేశాడు. టైలరమ్మ భుజం మీద చెయ్యి వేసి, నువ్వు బాగా అలిసిపోయావమ్మా, మనిషికి ఆశ అలాంటిది, తప్పు పట్టనులే అన్నాడు. ఆ జాలికి టైలరమ్మకి చచ్చేంత అవమానమైంది. మొన్న నవ్విందన్నయ్యా, మాటకంటే ముందే నవ్విందన్నయ్యా అని మళ్ళీ చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

“అమ్మని పంపించడం నాకు మాత్రం ఇష్టమా? నాకు అమ్మే దేవుడు. అమ్మని తలుచుకోకుండా నేనొక్క ముద్ద ముట్టను.”

అమ్మ నవ్వింది.

గొంతులో గురగురతో మొదలై, దిళ్ళు జారేలా, గొట్టం ఊగేలా నవ్వింది. అన్నయ్య ఆగాడు. నవ్వూ ఆగింది. ఆయన ఈసారి గొంతు తగ్గించి, “అక్కడైతే అమ్మని మహారాణిలా చూస్తారు,” అన్నాడు. అమ్మ మళ్ళీ నవ్వింది.

అన్నయ్య మొహం కందగడ్డయింది. అమ్మ చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది, వదలాలో పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్నాడు. అక్క ఆ ఇంటి అలవాటుకొద్దీ గుడ్డ తీసుకుని లేచింది. సగం దూరంలో చెయ్యి ఆగింది. ముక్కుకి రుమాలు పెట్టుకుని గుమ్మంలో నిలబడిన రోజులు గుర్తొచ్చాయో ఏమో, తల దించుకుంది. ఆ క్షణాన ముగ్గురికీ తెలిసిపోయింది. అనుమానమేమీ లేదు, ముగ్గురికీ తెలిసింది. ఎవరైనా ఒక్కరు “అమ్మా” అని ఉంటే సరిపోయేది.

“జబ్బే కదా అది,” అన్నాడు అన్నయ్య చివరికి. “డాక్టరు చెప్పాడుగా.” అని టైలరమ్మవైపు చూశాడు. ఆ చూపులో పెద్దరికం లేదు, ప్రాధేయపడుతున్నాడు. అక్కా ఆమెనే చూస్తోంది.

కాదు అనడానికి టైలరమ్మ నోరు తెరిచింది. అప్పుడే అమ్మ కళ్ళు ఆమె మీదికి తిరిగాయి. ఏమీ తెలియని అమ్మకి చాకిరీ చేస్తే ఒళ్ళు హూనమవుతుంది, అంతే. అన్నీ తెలిసిన అమ్మకి, తను అన్న ప్రతి మాటా విన్న అమ్మకి, రోజూ పొద్దున లేచి మొహం చూపించి, దుప్పటి మార్చి, పాలు పోసి, మళ్ళీ మర్నాడు ఆ కళ్ళ ముందుకే రావడం ఎలాగో ఆమెకి తెలియలేదు. ఎన్నేళ్ళు? ఎవరు తోడు? వీళ్ళిద్దరూ సాయంత్రానికి వెళ్ళిపోతారు.

“అవును,” అంది. “జబ్బే.”

అక్క మూతి తుడిచి, అమ్మని గోడవైపు తిప్పింది. అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలి, హోమ్ వాళ్ళకి ఫోను చెయ్యడానికి వరండాలోకి వెళ్ళాడు.

మర్నాడు వ్యాను వచ్చింది. అన్నయ్యకి ఆఫీసులో తప్పని పని, అక్కకి ఇంట్లో ఎవరికో జ్వరం. టైలరమ్మే వ్యానులో అమ్మ పక్కన కూచుంది. దారంతా గతుకుల్లో తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. అమ్మ మొహం చూడలేక కిటికీ అద్దం చూసింది. అద్దంలోనూ అమ్మే కనబడింది.

హోమ్ శుభ్రంగానే ఉంది. ఎవరూ మహారాణులు లేరు గానీ దుప్పట్లు తెల్లగా, ముడత లేకుండా ఉన్నాయి. ముందు గదిలో కిటికీలున్నాయి, గోడకి టీవీ ఉంది. దాన్ని దాటుకుని తీసుకెళితే వెనక ఒక పొడుగాటి గది. అక్కడ మంచాలన్నీ ఒకే వరసలో, మనుషులంతా ఒకే వైపుకి ఒత్తిగిలి ఉన్నారు. ఆయా చురుకైన మనిషి. భుజం కింద చెయ్యి, నడుం కింద చెయ్యి వేసి అమ్మని వ్యాను బల్ల మీదినుంచి మంచం మీదికి ఒక్క ఊపులో మార్చింది. చెయ్యి తిరిగిన మనిషే అని టైలరమ్మకి తెలిసిపోయింది. పాలు ఎంత పల్చగా ఉండాలో, ఎడమ పిరుదు దగ్గర కందిన చోట ఏ మందు రాయాలో అన్నీ అప్పజెప్పింది. ఆయా అన్నిటికీ తల ఊపింది.

చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. టైలరమ్మ వెళ్ళలేదు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“మధ్యాహ్నం పూట ఒక్క గంట టీవీ ముందు పడుకోబెడతారా అమ్మా? ముందు గదిలో ఉందిగా. ఒక నాటకం వస్తుంది.”

ఆయా దిండు సర్దుతూ తలెత్తి చూసింది. ఎగతాళి లేదు, విసుగూ లేదు. అర్థం కాక అడిగింది.

“ఆవిడకేమీ తెలియదని మీ అన్నయ్యగారు చెప్పారు కదండీ. మీరేనట రోజూ చూసుకునేది. తెలిస్తే చెప్పండి, ఇప్పుడే చెప్పండి. తెలిసినవాళ్ళని మేమిక్కడ ఉంచం, వ్యాను కూడా ఇంకా గేటులోనే ఉంది. ఆవిడకి తెలుసా?”

టైలరమ్మ అమ్మ మొహంలోకి చూసింది. ఈ రెండు రోజుల్లో అంత సూటిగా చూడ్డం అదే మొదటిసారి. నవ్వితే చాలు అనుకుంది. ఇప్పుడొక్కసారి నవ్వితే, ఆ ఆయా చేతుల్లోంచి నిన్ను లాక్కుని, నా వీపుమీద మోసుకునైనా ఇంటికి తీసుకెళ్ళిపోతాను. నిజంగానే అనుకుంది. అలా నిలబడి ఎదురుచూసింది. బయట వ్యానువాడు హారన్ కొట్టాడు.

అమ్మ ఆమెకేసి చూస్తూనే ఉంది. నవ్వలేదు.

“తెలియదు,” అంది టైలరమ్మ.

“మరి టీవీ ఎందుకండీ పాపం,” అని ఆయా అమ్మని అందరిలాగే అటువైపుకి ఒత్తిగిలబెట్టి, వీపు వెనక దిండు ఆనించి, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.